గోనెపట్టా కట్టిన కుళాయి

"పెళ్ళికొడుకు తాగుతాడా లేదా అని ఆరా తీసే డిటెక్టివువి. నీకు ఈ కేసులో ఏం పనమ్మా?" అన్నాడు సీఐ చెన్నకేశవులు.

"ఈసారి బజారు ఏం తాగిందో ఆరా తీస్తా. పని ఒకటే సార్," అంది రోహిణి.

రైటరు కిసుక్కున నవ్వాడు. సీఐ అటు చూడగానే ఫైల్లో తల దూర్చాడు.

నవ్వే రోజు కాదది. రైలు గేటు అవతల పీర్లచావిడి బజారులో వాంతులు, విరేచనాలతో ముగ్గురు చనిపోయారు. ఇరవై మంది దాకా పెద్దాసుపత్రిలో సెలైన్లు పెట్టించుకుని పడి ఉన్నారు. ఆ చావులకి కారణమని పోలీసులు పట్టుకొచ్చిన మనిషి గోడవార బల్ల మీద కూర్చుని ఉంది. షబ్నం, ఆ బజారు ఆశా కార్యకర్త. డ్యూటీ చీర కూడా మార్చుకోనివ్వలేదు. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆమె మామ అబ్దుల్ హమీద్, డెబ్భై దాటిన టైలరు, పొద్దున్నే నరసరావుపేట బస్సెక్కి వెళ్ళి రోహిణిని వెంటబెట్టుకొచ్చాడు.

"నేరం ఏందో చెప్పండి," అంది రోహిణి.

"మూడు ముక్కలు. శుక్రవారం హెల్తాఫీసు నించి మెసేజి పోయింది. మీ కుళాయి నీళ్ళు చెడిపోయినయ్యి, తాగొద్దని. కంప్యూటర్లో చూస్తే నలభై ఇళ్ళకీ చేరింది. తీరా లాగితే నలభై ఇళ్ళకీ ఒకటే నంబరు! బంకు జక్కయ్యది. నంబర్లు ఎక్కించింది ఎవరు? ఈమె. జక్కయ్యని అడిగా, చూడలేదన్నాడు. ఇల్లిల్లూ అడిగా, మా ఫోనుకి ఏం రాలేదన్నారు. తెలియక ఆ నీళ్ళే తాగి సచ్చారు. ఇంక మూడోది విను. బజారంతా మంచాన పడితే ఈమె ఇంట్లో ఒక్కడికి కడుపునొప్పి కూడా రాలా. అంటే ఈమెకి తెలుసు. తన కొంప కాపాడుకుంది, ఊరిని వదిలేసింది."

రోహిణి షబ్నం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. "అందరికీ ఒకటే నంబరు ఎందుకు ఎక్కించావ్?"

"వాళ్ళు ఇచ్చిందే అదక్కా. పోయినేడు ఎవడో ఫోను చేసి ఓటీపీ అడిగి ఇద్దరి ఖాతాలు ఊడ్చుకుపోయాడు. అప్పట్నించి గవర్నమెంటోళ్ళు ఎవరొచ్చి అడిగినా జక్కయ్య నంబరే చెప్పాలని బజారంతా కట్టుబాటు చేసుకున్నారు. ఏ మెసేజి వచ్చినా ఆయన సాయంత్రం బంకు కాడ చదివి ఇనిపిస్తాడు. నేను పై ఆఫీసుకి చెప్పా. ఫారంలో డబ్బా నిండితే చాలన్నారు."

సీఐ పళ్ళు బిగించాడు. షబ్నం గొంతు తగ్గించింది.

"నన్ను లోపలేసుకోనీ అక్కా. ఇంకా పడిపోతానే ఉన్నారంట. ఈ పొద్దున కూడా ఇద్దర్ని ఆటోలో ఎక్కించారంట. ఎందుకు పడతన్నారో అది కనుక్కో ముందు."

రోహిణి లేచి సీఐ బల్ల మీదున్న నీటి పరీక్ష రిపోర్టు తిప్పి చూసింది. కుళాయి నీరు, కలుషితం. శాంపిల్ తీసింది పోయిన మంగళవారం మధ్యాహ్నం పన్నెండుం పావు. కాగితం పెట్టేసి బయటికి నడిచింది.

"సాయంత్రం అయిదింటికి బండి కదిలిద్ది," అని వెనకనుంచి అరిచాడు సీఐ.

*

బజారు మొదట్లోనే వీధి కుళాయి. దాని మూతికి గోనెపట్టా చుట్టి, పురికొసతో నాలుగు చుట్లు తిప్పి ముడేశారు. కింద బండ ఎండిపోయి ఉంది.

"ఇది ఎవరు కట్టారు బాబాయ్?" అని అడిగింది రోహిణి.

"వీరరాఘవమ్మ," అన్నాడు హమీద్. "పిల్లలు నోరు పెడతారని కట్టింది. పొద్దున నీళ్ళొచ్చేటప్పుడు నేను విప్పి పట్టుకుని, మళ్ళీ కడతా. లేకపోతే ఆమె నోరు నేను పడలేను బేటీ."

రోహిణి ఆగిపోయింది. "పట్టుకుని ఏం చేస్తారు?"

"ఏం చేస్తా? తాగతా. ఇంటిల్లిపాదీ అయ్యే తాగతాం. చొక్కా బిగుతైందని ఆ మంచినీళ్ళ ప్లాంటు సాంబశివరావు నలుగురిలో నన్ను దొంగ టైలరన్నాడు. ఆడి నీళ్ళు నా గొంతు దిగవు."

"కుళాయి నీళ్ళు తాగొద్దని ఎవరూ చెప్పలేదా మీకు?"

"ఆ వీరరాఘవమ్మ ఏదో అరిచింది. తాగొద్దంట, తాగొద్దంట అని. ఎందుకని అడిగితే పొద్దుగూకిద్ది. అడగలా."

రోహిణి పురికొస ముడిని వేలితో మీటింది. సీఐ ఇటువైపు జీపులో ఎన్నిసార్లు తిరిగి ఉంటాడు? ఒక్కసారి దిగి చూస్తే చాలు. మెసేజి చేరని బజారు కుళాయి మూతి ఎందుకు కడుతుంది? చేరింది. అందరికీ చేరింది.

జక్కయ్య బంకు చావిడి పక్కనే ఉంది. రీచార్జీలు, చెవి వైర్లు, బీడీకట్టలు. జక్కయ్య యాభై ఏళ్ళ బక్క మనిషి. రోహిణిని చూడగానే, అడగక ముందే మొదలుపెట్టాడు.

"నేను చూళ్ళేదు మేడమ్. సీఐ గారికి చెప్పా. నా ఫోను సరిగ్గా పలకదు."

"కుళాయికి గోనెపట్టా కట్టింది దయ్యమా?"

జక్కయ్య నోరు తెరుచుకుంది. 

"నలభైసార్లు మోగి ఉంటది నీ ఫోను. చూళ్ళేదంటావా? అక్కడ ఆడమనిషి నీ వల్ల జైలుకి పోతంది. చదివావా లేదా?"

"చదివా," అన్నాడు. "శుక్రవారం సాయంత్రం ఇక్కడే నిలబడి చదివా. రెండోసారి చావిడి మైకులో చదివా. ముగ్గురు సచ్చాక సీఐ వచ్చి, నలభై ఇళ్ళ మెసేజి నీకాడే ఉందంట గదరా అన్నాడు. నన్నే లోపలేస్తాడనుకున్నా మేడమ్. చూళ్ళేదన్నా."

"మరి మిగతా వాళ్ళంతా?"

"మీ ఫోనుకి వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నారు. అబద్ధం కాదు గదా? అయినా స్టేషనోళ్ళు అడిగినదానికి మించి ఒక్క ముక్క ఎక్కువ చెప్తే ఏమయిద్దో మాకు తెలవదా?"

రోహిణి ఫోను లాక్కుని మెసేజి చదివింది. 'పీర్లచావిడి బజారు కుళాయి నీరు పరీక్షలో కలుషితమని తేలింది. తాగవద్దు. శుద్ధి చేసిన ప్లాంటు నీరు మాత్రమే తాగండి.'

"ఇది చదివాక జనం ఏం చేశారు?"

"ఏం చేస్తారు, చెప్పినట్టు చేశారు. అంతకుముందు సగం ఇళ్ళే ప్లాంటు నీళ్ళు తెచ్చుకునేయి. శుక్రవారం రాత్రి నించి అందరూ అక్కడే పట్టారు. హమీద్ తాత ఇల్లు తప్ప."

"మనుషులు పోయింది ఎప్పుడు?"

"ఆదివారం ఒకరు, నిన్న ఇద్దరు..." జక్కయ్య మాట మధ్యలోనే ఆగింది. అతని చేతిలో సగం తాగిన గ్లాసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"అర్థమైందా? తాగొద్దన్న నీళ్ళు తాగిన ముసలాయన రాయిలా ఉన్నాడు. తాగమన్న నీళ్ళు తాగినోళ్ళు పాడెక్కారు. మైకు తియ్యి. ప్లాంటు నీళ్ళు తాగొద్దని ఇప్పుడే చెప్పు."

"మెసేజి ఏది మేడమ్?"

"నేను చెప్తున్నాగా."

"మీరెవరో వీళ్ళకి తెలవదు. నేను సొంతంగా చెప్తే, సాంబశివరావుకీ నాకూ పడదని చెప్పానంటారు. నేను చదివేవాణ్ణే గాని చెప్పేవాణ్ణి కాదు. ఆ ఆఫీసోళ్ళతో ఇంకో మెసేజి ఏపించండి, క్షణంలో చదువుతా."

రోహిణి ఆ మెసేజి వచ్చిన నంబరుకి ఫోను చేసింది. పోలేదు. తిరిగి మెసేజి పంపింది. అదీ పోలేదు. ఇదీ మనకి దొరికే ఆరోగ్య సమాచారం. పైనుంచి కింద పడుతుంది, కిందనుంచి ఒక్క ప్రశ్న పైకి పోదు. తాగొద్దు అంటే తాగకూడదు, తాగు అంటే తాగాలి. ఎందుకని అడగటానికి ఒక మనిషి లేడు, ఒక కిటికీ లేదు. కాల్ సెంటర్ అని గోడమీద రాసిన నంబరు ఒకటుంది. దానికి కొడితే 'మీ కాల్ మాకు ముఖ్యం' అని పాట వేసింది. రోహిణి పాట మధ్యలో ఆపేసింది.

"ఆ శాంపిల్ సారు ఎక్కడ పట్టాడు నీళ్ళు?"

"వీరరాఘవమ్మ పందిట్లో కూచున్నాడు. మిట్టమధ్యాన్నం, ఎండ మండిపోతంది."

"కుళాయి ఎప్పుడు వస్తది?"

"పొద్దున ఆరింటికి. ఒక గంట. తర్వాత చుక్క రాదు."

పన్నెండుం పావుకి తీసిన శాంపిల్. ఆరుగంటల కుళాయి. రోహిణి హమీద్ వైపు తిరిగింది. "బాబాయ్, ముందు ప్లాంటు చూపించండి."

*

ప్లాంటు రేకుల షెడ్డు. గోడ నిండా కొండల, జలపాతాల బొమ్మలు. సాంబశివరావు తెల్లచొక్కాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. హమీద్‌ని చూసి, "ఏం సాయిబూ, దాహమేసిందా చివరికి?" అన్నాడు.

"నీ చొక్కా ఇప్పుడు వదులైందా బిగుతైందా?" అన్నాడు హమీద్.

రోహిణి వాళ్ళ మధ్యలోనుంచి షెడ్డు వెనక్కి నడిచింది. వెనక సంపు. సంపు అంచుకి జానెడు దూరంలో మురుక్కాలవ, పోయినవారం వానలకి పొంగిన చారలు గోడమీద మోకాటి ఎత్తున ఉన్నాయి. నీటిని శుద్ధి చేసే మిషను ఏదైనా సరే, మంచినీళ్ళు ఒకవైపు ఇస్తే పనికిరాని నీళ్ళు ఇంకోవైపు పారబోస్తుంది. ఆ పారబోసే గొట్టం గోడలోనుంచి బయటికి వచ్చి ఉంది. రోహిణి వంగి చూసింది. గొట్టం మూతికి సాలెగూడు. గూట్లో ఎండిన ఈగలు.

"ఏంటమ్మా, వెనక్కి పోయావ్? పర్మిషన్ ఉందా?" సాంబశివరావు వచ్చాడు.

"మిషను తిరగతందా?"

"తిరక్కపోతే నీళ్ళెట్టా వస్తయ్?"

"తిరిగితే ఈ గొట్టం పారాలి. సాలెపురుగు ఇల్లు కట్టుకుంది. సంపులో నీళ్ళు మోటారుతో తోడి నేరుగా క్యాన్లలో పోస్తన్నావు."

అతని మొహం ఒక్క క్షణం బిగుసుకుని, మళ్ళీ సర్దుకుంది. "గవర్నమెంటే నా నీళ్ళు తాగమని మెసేజి పెట్టింది. నువ్వెవరు కాదనటానికి?" అంటూ ఫోను తీశాడు. "సీఐ గారూ, మీ స్టేషన్‌కొచ్చిన ఆడమనిషి నా ప్లాంటులో దూరి గొడవ చేస్తంది."

"రమ్మను. వీరరాఘవమ్మ ఇంటికి రమ్మను. అక్కడే తేల్చుకుంటాం," అంది రోహిణి.

*

వీరరాఘవమ్మకి అరవై అయిదు ఉంటాయి. పందిట్లో పీట మీద కూర్చుని ఉంది. నిన్న పోయిన ఇద్దరిలో ఒకరు ఆమె తోటికోడలు. మనవరాలు భవ్య ఆసుపత్రిలో ఉంది. పందిరి కింద నీళ్ళ తొట్టి ఉంది, అందులో పొద్దున పట్టిన కుళాయి నీళ్ళు. లోపల గడప పక్కన తోమితోమి మెరిసిపోతున్న ఇత్తడి బిందె.

"ఏందమ్మాయ్, ఆ షబ్నం తరపునా నువ్వు? పాపం ఆ పిల్లని వదిలెయ్యమను. పులుసుకూర చేసినా నాకు గిన్నెలో పెట్టిచ్చిద్ది," అంది.

"ఆ శాంపిల్ సారు వచ్చినరోజు సంగతి చెప్పు పెద్దమ్మా."

"ఏం చెప్పేది? చెమటలు కారతా వచ్చాడు. ఇదుగో ఇక్కడే కూచోబెట్టా. మజ్జిగిచ్చా. రెండు గ్లాసులు తాగాడు. ఓ సీసా చేతికిచ్చి, అమ్మా, కుళాయి నీళ్ళు ఇందులో పట్టుకురా అన్నాడు."

"ఆయన లేవలేదా?"

"ఎందుకు లెగుస్తాడు, ఫ్యానేశాగా."

జీపు ఆగిన చప్పుడైంది. సీఐ పందిట్లోకి వస్తూ ఏదో అనబోయాడు. రోహిణి చెయ్యెత్తి ఆపింది.

"అప్పుడు కుళాయి రావట్లేదు గదా. నీళ్ళు ఎక్కడియ్యి పోశావ్? ఈ తొట్టిలోయ్యా?"

"ఛీ, ఆ తొట్టిలోయి గిన్నెలు కడుక్కునేయి. అయ్యి ఎవరన్నా ఇస్తారా?"

"మరి?"

"బిందెలోయి పోశా. సాంబశివరావు ప్లాంటుయి, పొద్దున్నే తెప్పిచ్చినయ్యి. తేటగా ఉండయ్యి." ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "మన బజారు నీళ్ళు సీసాలో పోసి పెద్దాఫీసుకి తీసకపోతారంట. అక్కడ పదిమంది చూస్తారంట. పెళ్ళిచూపులకి పిల్లని మాసిన చీరతో కూచోబెడతామా? ఉన్నదాంట్లో మంచియ్యి ఇచ్చా."

 హమీద్ కళ్ళు మూసుకున్నాడు.

"పెద్దమ్మా," అంది రోహిణి, మెల్లగా, ఎందుకంటే ఇది గట్టిగా చెప్పే మాట కాదు. "సీసాలో నీళ్ళే చెడ్డయ్యని తేలింది. అది కుళాయి నీళ్ళనుకుని, కుళాయి మానేసి ప్లాంటుయి తాగమన్నారు."

 వీరరాఘవమ్మ బిందె వైపు చూసింది. ఆమె పెదాలు కదిలాయి. ఎవరి పేరో పలికినట్టుంది.

"అయితే ముద్దాయి ఈ ముసల్దన్నమాట," అన్నాడు సీఐ. "శాంపిల్ మార్చింది. ఒప్పుకుంది కూడా."

రోహిణి అతని మీదికి తిరిగింది. "సిగ్గుందా సార్? కుళాయి తిప్పి, కాసేపు పారనిచ్చి, తన చేత్తో పట్టాల్సింది ఎవరు? జీతం తీసుకునేవాడు. వాడు మజ్జిగ తాగతా కూచున్నాడు. గొట్టానికి సాలెగూడు పట్టిన ప్లాంటు నీళ్ళని 'శుద్ధి చేసిన నీళ్ళు' అని ఎవడూ చూడకుండానే మెసేజి కొట్టారు. పొద్దున ఆశా వర్కరు, మధ్యాహ్నం ముసలమ్మ. సాయంత్రానికి ఎవర్ని పట్టుకుంటారు? కుళాయినా?"

"నోరు అదుపులో పెట్టుకో."

"మీరు ఆ బజారుని అడిగింది ఒక్క ప్రశ్న. ఫోనుకి వచ్చిందా అని. ఏం తాగారని అడిగారా? ఒక్కర్నన్నా?"

 సీఐ అడగలేదు. అతను టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. అతని కళ్ళు బిందె మీద నుంచి తొట్టి మీదికి, తొట్టి మీద నుంచి బిందె మీదికి తిరుగుతున్నాయి.

"ఇది కోర్టులో నిలవాలంటే రెండు చోట్లా మళ్ళీ శాంపిల్ తీయించాలి," అన్నాడు చివరికి. "ల్యాబు రెండు రోజులు తీసుకుంటది."

"రెండు రోజులు ఈ జనం ఏం తాగతారు?"

వీరరాఘవమ్మ లేచింది. కొంగు బిగించి బజార్లోకి నడిచింది. ఎవరి కోసమూ ఆగలేదు. బంకు దగ్గరికి వెళ్ళి, "ఒరేయ్ జక్కయ్యా, మైకు పెట్టు," అంది.

"మెసేజి వచ్చిందా అత్తా?"

"నా మాటే మెసేజి. పెట్టరా."

మైకు గరగరలాడింది. జనం గుమ్మాల్లోకి వచ్చారు. చావు ఇంటి ముందు టెంటు కింద కూర్చున్నవాళ్ళు కూడా లేచారు.

"నేను వీరరాఘవమ్మని," అంది ఆమె. "ఆ సీసాలో కుళాయి నీళ్ళు పొయ్యలేదు నేను. ప్లాంటు నీళ్ళు పోశా. మంచియ్యనుకుని పోశా. చెడ్డయ్యని తేలింది అయ్యే. మన కుళాయి కాదు. ఇంట్లో ఉన్న క్యాన్లు పారబొయ్యండి. కుళాయి నీళ్ళు కాగబెట్టుకుని తాగండి. నన్ను తిట్టుకుంటారో కొట్టుకుంటారో తర్వాత. ముందు పారబొయ్యండి."

ఎవరూ కదల్లేదు. ఆమె తోటికోడలి కొడుకు టెంటు కిందే నిలబడి ఆమెని చూస్తున్నాడు.  తర్వాత వెళ్ళి టెంటు కింద పెట్టిన నీళ్ళ క్యాన్ని రెండు చేతులా ఎత్తి, కాలవలోకి బోర్లించాడు. ఆ గుడగుడ శబ్దం బజారంతా వినిపించింది. వెంటనే ఇంకో ఇంట్లోనుంచి ఒక క్యాను. ఇంకోటి.

సాంబశివరావు బండి మీద దూసుకొచ్చాడు. "ఏయ్! ఏం చేస్తన్నారు? ముసలిదానికి మతిపోయి ఏదో వాగితే నమ్ముతారా? సీఐ గారూ, మీరు చూస్తా ఊరుకుంటారా? నా నీళ్ళే చెడ్డయ్యి అయితే పెద్దాసుపత్రోళ్ళు ఎట్టా తీసుకుంటారు? ఆ మెసేజి వచ్చిన కాడ నించి వార్డు మొత్తానికి నేనే పోస్తన్నా, అదీ ఫ్రీగా! ఇంతకుముందే నా ఆటో పోయింది అక్కడికి!"

సీఐ చేతిలో టోపీ కిందపడింది.

"ఆసుపత్రికి ఎవరు ఫోను చేస్తారు? ఎవరి నంబరన్నా ఉందా?" రోహిణి అరిచింది.

"మా కూతురు విజయలక్ష్మి అక్కడే ఉంది," అంది వీరరాఘవమ్మ. మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. జక్కయ్య నంబరు నొక్కి, స్పీకరు పెట్టి ఆమె నోటి దగ్గర పట్టాడు. రెండు మోతలకే ఎత్తారు.

"అమ్మా, నువ్వేం కంగారుపడమాక," అంది విజయలక్ష్మి, ఆ మాట మైకులో బజారు మొత్తానికి వినిపిస్తుండగా. "భవ్య కళ్ళు తెరిచింది. దాహం, దాహం అని ఒకటే గోల. కొత్త క్యాను ఇప్పుడే దించారమ్మా, నర్సమ్మ ఆ ఓఆర్ఎస్ పొడి కలిపి అందరికీ పోస్తంది. మన పిల్ల గటగటా ఒక గ్లాసు తాగేసి, ఇంకోటి కావాలంటంది."